ఆర్మా 3 మొదలుపెడుతున్నారా? పబ్‌జీ అలవాట్లు పక్కనపెట్టి ఈ వరసలో నేర్చుకోండి

ఆర్మా 3 కొన్నవాళ్ళలో చాలామంది కథ ఒకేలా ఉంటుంది. సేల్‌లో తక్కువకి వస్తోందని కొంటారు, ఇన్‌స్టాల్ అవ్వగానే మల్టీప్లేయర్‌లో పైన కనబడిన సర్వర్‌లోకి దూరిపోతారు, ఇరవై నిమిషాలు గుట్టలెక్కి దిగుతారు, ఎవడు కాల్చాడో ఎటునుంచి కాల్చాడో తెలీకుండా పడిపోతారు, మళ్ళీ మొదట్నుంచి నడక. "ఇదేం గేమ్‌రా బాబూ" అని అక్కడితో వదిలేస్తారు. స్టీమ్‌లో రిఫండ్ అడగాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందే అడగాలి కాబట్టి కొందరికి ఆ కోపంలో డబ్బులైనా వెనక్కొస్తాయి.

వాళ్ళని తప్పుపట్టలేం. మన దగ్గర షూటర్ అంటే పబ్‌జీ, బీజీఎమ్‌ఐ, లేదంటే కాల్ ఆఫ్ డ్యూటీ. వాటిలో చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత గెలుపు. ఆర్మాలో ఎదుటివాణ్ణి ముందు చూసినవాడిదే పైచేయి, గురి వేగం ఆ తర్వాత సంగతి. అందుకే ఈ గైడ్‌లో తుపాకీ కాల్చడం మొదటి మెట్టు మీద లేదు. విసుగనిపించినా వరస మార్చకండి.

ఇంతకీ ఇది ఏం గేమ్

చెక్ రిపబ్లిక్‌కి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ 2013 సెప్టెంబర్‌లో విడుదల చేసిన గేమ్ ఇది. కథ 2035లో జరుగుతుంది. ఒకవైపు నేటో, ఎదురుగా ఇరాన్, చైనా లాంటి దేశాలు కలిసిన సీసాట్ అనే కూటమి, మధ్యలో ఆల్టిస్ దీవి సొంత సైన్యం ఏఏఎఫ్. ఆల్టిస్‌కి నమూనా ఏజియన్ సముద్రంలో ఉన్న గ్రీకు దీవి లెమ్నోస్. గేమ్‌లో దాని వైశాల్యం సుమారు 270 చదరపు కిలోమీటర్లు, అంటే పబ్‌జీ ఎరంగెల్‌ లాంటివి నాలుగు పట్టేంత. పక్కనే స్ట్రాటిస్ అని ఇంకో చిన్న దీవి, అది 20 చదరపు కిలోమీటర్లు. 2012లో ఈ కంపెనీ ఉద్యోగులు ఇద్దరు లెమ్నోస్‌కి వెళ్ళి, సైనిక స్థావరాల ఫొటోలు తీశారనే గూఢచర్యం ఆరోపణ మీద అరెస్టయ్యారు. 2013 జనవరిలో బెయిల్ వచ్చేదాకా గ్రీసు జైల్లోనే ఉన్నారు. గేమ్‌లో దీవి పేరు మొదట లిమ్నోస్ అనే ఉండేది, ఆ తర్వాతే ఆల్టిస్ అయింది.

పబ్‌జీ అభిమానులకి ఇంకో సంగతి. బ్రెండన్ గ్రీన్ తన బ్యాటిల్ రాయల్‌ని మొదట ఆర్మా 2 మీద మోడ్‌గా (ఉన్న గేమ్‌కి ఆడేవాళ్ళే చేసుకునే మార్పు), తర్వాత ఆర్మా 3 మీద మోడ్‌గా చేశాడు. 2017లో వచ్చిన పబ్‌జీకి మూలం అదే. కాబట్టి మీరు ఆడుతూ వచ్చిన గేమ్‌కి ఇది ఒకరకంగా పుట్టిల్లు. చుట్టరికం ఉంది కదా అని అలవాట్లు పనికొస్తాయనుకుంటే మాత్రం కష్టం.

మొదటి మెట్టు: సెట్టింగ్స్, పావుగంట పని

ఈ గేమ్‌కి గ్రాఫిక్స్ కార్డ్ కన్నా ప్రాసెసర్ ముఖ్యం, అందులోనూ ఒక్కో కోర్ వేగం ముఖ్యం. కొత్త కార్డ్ వేసినా ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెరమీద పడే ఫ్రేముల లెక్క) పెరగలేదని బాధపడేవాళ్ళు ఎప్పుడూ కనబడతారు, కారణం ఇదే. హార్డ్ డిస్క్ మీద కాకుండా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోండి, లేకపోతే పరిగెడుతుంటే చెట్లూ ఇళ్ళూ ఒక్కొక్కటీ ఆలస్యంగా మొలుస్తాయి.

వీడియో సెట్టింగ్స్‌లో ముందు ముట్టుకోవాల్సింది విజిబిలిటీ. ఓవరాల్ అనేది నేల ఎంత దూరం కనబడాలో చెబుతుంది, ఆబ్జెక్ట్ అనేది మనుషులు, ఇళ్ళు, చెట్లు ఎంత దూరం కనబడాలో చెబుతుంది. ఎఫ్‌పీఎస్‌ని ఎక్కువ తినేది ఆబ్జెక్టే. మామూలు పీసీలో ఓవరాల్ 2500, ఆబ్జెక్ట్ 1500 దగ్గర మొదలుపెట్టి, బాగా నడుస్తుంటే పెంచుకోండి. కాలినడకన పోరాడేవాడికి అంతకన్నా అవసరం రాదు, హెలికాప్టర్ ఎక్కితే అప్పుడు చూసుకోవచ్చు. శాంప్లింగ్ 100 శాతం కన్నా పైకి పెట్టొద్దు. టెర్రైన్ క్వాలిటీని మరీ "లో" (Low) మీద పెడితే గడ్డి మాయమవుతుంది, మీరు మాత్రం గడ్డిలో దాక్కున్నాననే భ్రమలో ఉంటారు, కనీసం స్టాండర్డ్‌లో ఉంచండి.

ఆడియోలో సంగీతం బాగా తగ్గించి ఎఫెక్ట్స్ పెంచండి. హెడ్‌ఫోన్ తప్పనిసరి, స్పీకర్ల మీద ఈ గేమ్ ఆడటం దండగ. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

డిఫికల్టీ దగ్గర బింకానికి పోకుండా రిక్రూట్‌లో మొదలుపెట్టండి. ఏఐ ప్రెసిషన్, అంటే కంప్యూటర్ నడిపే సైనికుల గురి, తగ్గించుకునే వీలు కూడా ఉంది. తగ్గించకపోతే ఎదుటి బాట్‌లు మీకు చుక్కల్లా కనబడే దూరం నుంచే మీ హెల్మెట్ ఎగరగొడతాయి.

రెండో మెట్టు: ఒంటిని అదుపులోకి తెచ్చుకోవడం

కీలు చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది, కీబోర్డ్‌లో ఖాళీగా ఉన్న కీ దాదాపు లేదు. అన్నీ ఒకేసారి నేర్చుకోవాల్సిన పని లేదు. మెనూలో ట్యుటోరియల్స్ కింద వీఆర్ ట్రైనింగ్ ఉంటుంది, దాన్ని ఒక సాయంత్రం కూర్చుని పూర్తిచేయండి. బూట్‌క్యాంప్ అప్‌డేట్‌తో వచ్చిన ప్రోలాగ్ అనే చిన్న క్యాంపెయిన్ కూడా ఉంది, అదీ ఆడండి. ఈలోపు చేతికి అలవాటు కావాల్సినవి ఇవి.

ఎక్స్ కొడితే కూర్చుంటారు, జెడ్ కొడితే పడుకుంటారు, ఇక్కడివరకు మామూలే. ఎడమ కంట్రోల్ పట్టుకుని డబ్ల్యూ, ఎస్ నొక్కితే నిలబడటానికీ కూర్చోవడానికీ మధ్యలో ఇంకా భంగిమలున్నాయి, కంట్రోల్‌తో ఏ, డీ నొక్కితే పక్కకి జరుగుతారు. గోడ ఎత్తుని బట్టి తల ఒక్కటే పైకి వచ్చేలా సరిపెట్టుకోవడం దీనివల్లే కుదురుతుంది. ఆల్టిస్ నిండా మోకాలెత్తు, నడుమెత్తు రాతి గోడలే. వాటి వెనక కూర్చుంటే ఏమీ కనబడదు, నిలబడితే నడుం పైభాగమంతా ఎదుటివాడికి బోర్డు పెట్టినట్టు. ఆ మధ్య భంగిమలు వాడినవాడు చాలా యుద్ధాలు బతికి బయటపడతాడు.

ఆల్ట్ పట్టుకుంటే తుపాకీ ఒకవైపు ఉండగానే తల తిప్పి చూడొచ్చు. రెండుసార్లు టకటక కొడితే అలాగే ఉండిపోతుంది. పబ్‌జీలో కంటి గుర్తు నొక్కి చూసేవాళ్ళకి ఇది తెలిసిందే, కానీ అక్కడ అప్పుడప్పుడూ వాడతారు, ఇక్కడ నడుస్తున్నంతసేపూ వాడాలి. క్యూ, ఈ పక్కకి వంగడానికి. సీ కొడితే తుపాకీ ఎత్తి పట్టుకుని, పరుగుకీ నడకకీ మధ్య వేగంతో కదులుతారు, ఊళ్ళలో సందుల దగ్గర ఇదే నడక.

ఇక బరువు. ఐ కొట్టి ఇన్వెంటరీ తెరిస్తే మీ లోడ్ ఎంతో బార్‌లో కనబడుతుంది. ఎందుకైనా మంచిదని రాకెట్ లాంచర్, పెద్ద బ్యాగ్, పన్నెండు మ్యాగజైన్లు సర్దుకుని బయల్దేరితే రెండొందల మీటర్ల పరుగుకే ఆయాసం వస్తుంది, ఆయాసంలో గురి ఊగిపోతుంది. పబ్‌జీలో లెవల్ 3 బ్యాగ్ దొరికితే పండగ, ఇక్కడ దాన్ని నింపడమే శిక్ష. ఏడెనిమిది మ్యాగజైన్లు, రెండు గ్రెనేడ్లు, రెండు స్మోక్‌లు, రెండు ఫస్ట్ ఎయిడ్ కిట్లు, ఇంతకు మించి మామూలు రైఫిల్‌మన్‌కి అక్కర్లేదు.

మూడో మెట్టు: కళ్ళూ చెవులూ

అసలు ఆర్మా ఇక్కడ మొదలవుతుంది, అందుకే దీని మీద ఎక్కువసేపు కూర్చుంటాను.

ఆల్టిస్ నేల ఎండాకాలంలో అనంతపురం దాటాక కనబడే గుట్టల్లా ఉంటుంది, ఎండిన గడ్డి, అక్కడక్కడా పొదలు, రాళ్ళు, దూరం దాకా బయలు. అలాంటిచోట మనిషిని పట్టించేవి మూడు. మొదటిది కదలిక. రెండోది గుట్ట అంచు. గుట్ట పైకెక్కి నిలబడితే వెనక ఆకాశం ఉంటుంది, కిలోమీటరు దూరం నుంచి కూడా నల్ల బొమ్మలా కనబడతారు. గుట్ట దాటాలంటే అంచుకి కాస్త కిందగా, పక్క వాలు మీద నడవండి, చూడాలంటే పడుకుని తల మాత్రం పైకి పెట్టండి. మూడోది మీ సొంత కాల్పుల మెరుపూ శబ్దమూ. అందుకే కనబడిన ప్రతివాణ్ణీ కాల్చకూడదు. ఒకడు కనబడ్డాడంటే ఇంకో నలుగురు పక్కనే ఉంటారు, కాల్చగానే మీ చోటు వాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఒక్కణ్ణి చూశాక కాస్త ఓపికపట్టి మిగతావాళ్ళ కోసం వెతకడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, వేలు ఆగదు.

గడ్డీ పొదలూ కంటికి అడ్డే గానీ తూటాకి అడ్డు కాదు. చెక్క తలుపు, రేకు గోడ కూడా అంతే, ఈ గేమ్‌లో తూటాలు వాటిగుండా దూసుకుపోతాయి. రాతి గోడ, గండశిల, నేల మడత, ఇవే నమ్మదగినవి.

ఇప్పుడు చెవుల సంగతి. ఈ గేమ్‌లో శబ్దానికి వేగం ఉంది. మామూలు జీవితంలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, రైఫిల్ తూటా దానికి రెట్టింపు వేగంతో వస్తుంది. అంటే మీ మీదకి కాల్చినప్పుడు ముందు తూటా దాటిపోయిన "టప్" అనే చప్పుడు పక్కనే వినబడుతుంది, కాస్త ఆగి దూరంగా తుపాకీ "ధన్" అనడం వినబడుతుంది. కొత్తవాళ్ళు మొదటి చప్పుడు విని అటు తిరుగుతారు, అది తప్పుదారి పట్టిస్తుంది. శత్రువున్న దిక్కు చెప్పేది రెండోది. పైగా ఆ రెంటి మధ్య విరామం దూరం కూడా చెబుతుంది. అర సెకను ఆగి వినబడితే సుమారు 300 మీటర్లు, పూర్తి సెకను పడితే 600 దాటిందని లెక్క. రెండూ కలిసిపోయి ఒకేసారి వినబడితే వాడు మీ పక్కింట్లో ఉన్నాడు.

ఒక ఉదాహరణ చూడండి. మీరు నలుగురు, ఊరి బయట రాతి గోడ పక్కన నడుస్తున్నారు. "టప్... ధన్". మధ్యలో సుమారు అర సెకను. మొదట చేయాల్సింది పడుకోవడం, చుట్టూ చూడటం కాదు. గోడ వెనక్కి పాక్కుంటూ వెళ్ళాక కే నొక్కి కంపాస్ తీసి, శబ్దం వచ్చిన వైపు తిరిగి డిగ్రీలు చూడండి. 40 దగ్గర ముల్లు ఉందనుకుందాం. మైక్‌లో చెప్పాల్సింది ఇంతే: "కాంటాక్ట్, జీరో ఫోర్ జీరో, మూడొందల మీటర్లు, తెల్ల ఇల్లు, కుడి పక్క చెట్లు." దిక్కు, దూరం, గుర్తు, ఈ వరసలోనే. "అదిగో అక్కడ, నా ముందు!" అని అరిస్తే మీ ముందు ఏముందో పక్కవాడికెలా తెలుస్తుంది? ఈ ఒక్క అలవాటు వచ్చిందంటే ఏ గ్రూప్‌లోనైనా మిమ్మల్ని కొత్తవాడని ఎవరూ అనుకోరు.

నాలుగో మెట్టు: ఇప్పుడు కాల్చండి

వర్చువల్ ఆర్సెనల్ తెరవండి. గేమ్‌లో ఉన్న తుపాకులన్నీ అక్కడుంటాయి, ఏది కావాలంటే అది తీసుకుని ట్రై బటన్ కొట్టి టార్గెట్ల మీద కాల్చి చూసుకోవచ్చు. నేటో వాళ్ళ ఎమ్‌ఎక్స్ 6.5 మిల్లీమీటర్ల రైఫిల్ తీసుకోండి, దాని మీద ఒక మామూలు జూమ్ స్కోప్ పెట్టండి. స్నైపర్ రైఫిల్ వైపు ఇప్పుడే చూడకండి. స్కోప్ పెద్దదయ్యేకొద్దీ చుట్టూ ఏముందో కనబడదు, కొత్త స్నైపర్లు చచ్చేది వెనకనుంచే.

రైట్ క్లిక్ ఒకసారి కొడితే స్కోప్‌లోంచి చూస్తారు, పట్టుకుంటే ఊపిరి బిగబట్టి గురి నిలుస్తుంది. బిగబట్టి ఎక్కువసేపు ఉంచితే మళ్ళీ ఊగుతుంది కాబట్టి కాల్చే ముందు క్షణం మాత్రమే. ఎఫ్ కొట్టి సింగిల్ షాట్‌లో పెట్టండి, ఆటోమేటిక్ అన్నది ముప్ఫై నలభై మీటర్ల లోపు పని.

తర్వాత జీరోయింగ్. తూటా సూటిగా పోదు, కిందకి వంగుతుంది. మీ స్కోప్ 300 మీటర్లకి సరిచేసి ఉంటే 500 మీటర్ల మనిషి గుండెకి గురిపెట్టిన తూటా కిందుగా పోతుంది. పేజ్ అప్, పేజ్ డౌన్ నొక్కితే ఆ దూరం మారుతుంది, పైన కుడి మూలలో తుపాకీ వివరాల దగ్గర అంకె కనబడుతుంది. దూరం ఎలా తెలుస్తుందంటారా? రేంజ్‌ఫైండర్ ఉంటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే, లేకపోతే మ్యాప్ మీద గళ్ళు లెక్కపెట్టుకోవాలి, అది కింద చెబుతాను. పరిగెత్తేవాడి మీద కాల్చాలంటే ముందుకి గురిపెట్టాలి. 500 మీటర్ల దూరంలో అడ్డంగా పరిగెత్తేవాడి దగ్గరికి తూటా చేరేసరికి ముప్పావు సెకను దాకా పడుతుంది, ఈలోపు వాడు మూడు మీటర్లు ముందుకి పోయుంటాడు. నిజం చెప్పాలంటే అలాంటివాణ్ణి వదిలేసి, వాడు ఆగేదాకా చూడటం మేలు. గాలి గురించి బెంగ వద్దు, మోడ్‌లు లేని ఆర్మాలో గాలి తూటాని కదపదు.

గోడ మీదో కిటికీ మీదో తుపాకీ ఆనిందంటే తెరమీద చిన్న గుర్తు వస్తుంది, అప్పుడు సీ కొడితే తుపాకీ అక్కడ కుదురుగా నిలుస్తుంది. మెషిన్ గన్ పట్టినవాడికి ఇది ప్రాణం. దీని ముందు, దీని తర్వాత వంద తూటాలు ఎక్కడ పడ్డాయో ఆర్సెనల్‌లో గోడ మీద కాల్చి చూసుకోండి.

ఐదో మెట్టు: మ్యాప్

ఎమ్ కొడితే మ్యాప్ తెరుచుకుంటుంది. తేలిక డిఫికల్టీలో మీ చోటు చూపిస్తుంది, వెటరన్‌లోనూ చాలా సర్వర్లలోనూ చూపించదు, జీపీఎస్ ఉంటే తప్ప. కాబట్టి మొదట్నుంచే గుర్తులతో చదవడం అలవాటు చేసుకోవాలి. జూమ్ చేస్తే కనబడే ఒక్కో గడి 100 మీటర్లు. పైన ఉన్న మూడంకెలు ముందు, పక్కన ఉన్న మూడంకెలు తర్వాత చదివితే ఆరంకెల గ్రిడ్, దాంతో ఎవరైనా వంద మీటర్ల తేడాలో మీ దగ్గరికి వచ్చేస్తారు. తారుమారు చేసి చదివారంటే మీ సాయానికి రావాల్సిన హెలికాప్టర్ దీవికి ఇంకో కొసన దిగుతుంది.

గోధుమరంగు గీతలు ఎత్తుని చెబుతాయి. దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, దూరం దూరంగా ఉంటే చదును. బయల్దేరే ముందు ఈ గీతలు చూసి, శత్రువున్న ఊరికి కనబడకుండా ఏ లోయలోంచి పోవచ్చో అనుకోవడంలోనే సగం మిషన్ అయిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే మీకు మాత్రం కనబడే గుర్తు పడుతుంది, డబుల్ క్లిక్ చేస్తే అందరికీ కనబడేలా మార్కర్ రాయొచ్చు. సరదాకి మ్యాప్ నిండా గీతలు గీసేవాణ్ణి ఏ సర్వర్‌లోనూ ఎక్కువసేపు ఉండనివ్వరు, అది వేరే సంగతి.

గాయాల గురించి రెండే ముక్కలు. ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉంటే మౌస్ చక్రం తిప్పి వచ్చే మెనూలో చికిత్స చేసుకోవచ్చు, అయితే పూర్తిగా బాగవ్వాలంటే మెడికిట్ ఉన్న మెడిక్ కావాలి. కిందపడ్డ స్నేహితుడి దగ్గరికి సినిమాలోలా పరిగెత్తకండి, వాణ్ణి కొట్టినవాడు ఇంకా అటే చూస్తూ ఉంటాడు, ముందు స్మోక్ వేయండి.

ఆరో మెట్టు: ఏఐ జవాన్లతో వేగడం

ఒంటరిగా ఆడేటప్పుడు మీ కింద ముగ్గురో ఏడుగురో ఏఐ జవాన్లు ఉంటారు. వీళ్ళతో కొత్తల్లో ప్రాణం విసుగెత్తుతుంది. ట్యాబ్ పైనున్న కీ కొడితే అందరూ, ఎఫ్2, ఎఫ్3 లాంటివి కొడితే ఒక్కొక్కరూ ఎంపికవుతారు, తర్వాత అంకెలు కొడితే మెనూలు తెరుచుకుంటాయి. ముందు నేర్చుకోవాల్సినవి రెండే. 1 కొట్టి మళ్ళీ 1 కొడితే అందరూ మీ వెనక వరసలోకి వస్తారు. 3 మెనూలో హోల్డ్ ఫైర్ ఉంటుంది, చాటుగా పోవాలంటే బయల్దేరకముందే అది ఇవ్వండి, లేకపోతే మీరు ఊపిరి బిగబట్టి పాకుతుంటే వెనకవాడు అరకిలోమీటర్లో ఎవణ్ణో చూసి కాల్పులు మొదలుపెట్టి కొంప ముంచుతాడు.

ఇళ్ళలోకి వీళ్ళని పంపకండి, తలుపుల దగ్గర తడబడతారు. బయట ఒక గట్టు మీద కూర్చోబెట్టి కాల్పులు జరిపించండి, మీరు పక్కనుంచి వెళ్ళండి. శత్రు ఏఐ ఎటునుంచి తూటాలొస్తే అటే చూస్తుంది, ఆ ముచ్చట మీకు పనికొస్తుంది.

ఇది వచ్చాక ఈస్ట్ విండ్ క్యాంపెయిన్ ఆడొచ్చు. సర్వైవ్, అడాప్ట్, విన్ అని మూడు భాగాలు, స్ట్రాటిస్‌లో సామాను సర్దుకుంటున్న నేటో దళంలో బెన్ కెర్రీ అనే జవాను మీరు. మొదటి భాగం బాగుంటుంది, ముఖ్యంగా అంతా కుప్పకూలాక అడవిలోంచి తప్పించుకునే ఘట్టాలు. తర్వాత కథ కాస్త సాగుతుంది, అయినా ఆడి చూడండి.

ఏడో మెట్టు: ఎడిటర్, అసలు గేమ్ ఇదే అనేది నా అభిప్రాయం

ఈడెన్ ఎడిటర్ 2016లో వచ్చింది. చాలామంది కొత్తవాళ్ళు ఇది డెవలపర్ల కోసం అనుకుని తెరవరు. పది నిమిషాల్లో మీ సొంత మిషన్ తయారవుతుంది, కోడ్ ఒక్క ముక్క రాయక్కర్లేదు.

ఎడిటర్ తెరిచి స్ట్రాటిస్ ఎంచుకోండి, చిన్నది కాబట్టి తొందరగా లోడవుతుంది. అగియా మరీనా అనే ఊరిని వెతికి జూమ్ చేయండి. కుడివైపు జాబితాలో బ్లూఫోర్, నేటో, మెన్ కింద ఒక రైఫిల్‌మన్‌ని పట్టుకుని ఊరికి 400 మీటర్ల దూరంలో గుట్ట చాటున పెట్టండి, మొదట పెట్టినవాడే మీరవుతారు. తర్వాత గ్రూపుల జాబితాలోంచి సీసాట్ ఫైర్ టీమ్‌ని తెచ్చి ఊళ్ళో దింపండి, నలుగురూ ఒకేసారి వస్తారు. వాళ్ళకి ఊరి చుట్టూ మూడు నాలుగు వే పాయింట్లు (వరసగా వెళ్ళాల్సిన చోట్లు) ఇచ్చి చివరిదాని రకాన్ని సైకిల్‌ (Cycle, మళ్ళీ మొదటికి) అని మారిస్తే గస్తీ తిరుగుతూనే ఉంటారు. ప్లే కొట్టండి.

మొదటిసారి చస్తారు, దానికేం. వెనక్కొచ్చి వాళ్ళు ఎక్కణ్ణుంచి చూశారో మీ దారి పక్కన కెమెరా దింపి చూసుకోండి. తర్వాత ఒక్కొక్కటీ మార్చండి. సమయం తెల్లవారుజాము చేయండి, పొగమంచు పెంచండి, మీ పక్కన ఇద్దరు జవాన్లని చేర్చండి, శత్రువుకి ఒక వాహనం ఇవ్వండి. అదే ఊరు, అదే నలుగురు, ప్రతిసారీ పోరాటం వేరేలా ఉంటుంది. సర్వర్లలో నెల తిరిగినా రాని తెలివి ఇలా వారంలో వస్తుంది.

ఇదే పద్ధతిలో, ఆట నడుస్తుండగానే పైనుంచి శత్రువుల్ని దింపుతూ కథ నడిపించేవాణ్ణి జ్యూస్ (Zeus) అంటారు, అది 2014లో ఉచితంగా వచ్చిన డీఎల్‌సీ (గేమ్‌కి తర్వాత చేర్చే అదనపు ప్యాక్). స్నేహితులు నలుగురుంటే ఒకడు జ్యూస్, ముగ్గురు జవాన్లు, రాత్రంతా గడిచిపోతుంది.

కావాల్సిన సన్నివేశం ఏదైనా ఇంత తేలిగ్గా తయారవుతుంది కాబట్టే దీన్నుంచి తీసిన వీడియోలు నిజం యుద్ధమని తిరుగుతుంటాయి. 2021లో ఆఫ్ఘనిస్తాన్ పంజ్‌షీర్ పోరాటమప్పుడు మన దేశంలో కొన్ని వార్తా ఛానెళ్ళే ఆర్మా 3 క్లిప్‌ని నిజం దాడిగా చూపించాయి. యుక్రెయిన్ యుద్ధం పేరుతో ఇలాంటివి మరీ ఎక్కువవడంతో 2022 నవంబర్‌లో బొహీమియానే ప్రకటన ఇచ్చింది, ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పింది: మసక వీడియో, ఊగే కెమెరా, చీకటి, శబ్దం లేకపోవడం, మనుషులు దాదాపు కనబడకపోవడం, సహజంగా లేని పొగా దుమ్మూ. ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో విమానాన్ని కూల్చే వీడియో వస్తే మీరు ఒక్క చూపులో చెప్పేస్తారు, ఈ గేమ్ వల్ల కలిగే నికరమైన లాభాల్లో అదొకటి.

ఎనిమిదో మెట్టు: డ్రోన్లూ వాహనాలూ

2035 అనిపించే సామానులో మొదట నేర్చుకోవాల్సింది ఏఆర్-2 డార్టర్, నాలుగు రెక్కల చిన్న డ్రోన్. బ్యాక్‌ప్యాక్‌లో మోసుకెళ్ళి నేల మీద పెట్టి మెనూలో అసెంబుల్ చేయాలి. నడపాలంటే జీపీఎస్ చోట యూఏవీ టెర్మినల్ ఉండాలి, అది కూడా మీ పక్షానిదే కావాలి, సీసాట్ టెర్మినల్‌తో నేటో డ్రోన్ నడవదు. 2013లో ఇది భవిష్యత్తు సరుకు, ఇప్పుడు వార్తల్లో రోజూ చూసేదే. ఊరి మీద నేరుగా కాకుండా పక్కన ఎత్తులో నిలిపి చూడండి, దాని చప్పుడు కిందకి వినబడుతుంది. డ్రోన్ చూస్తున్నంతసేపూ మీ ఒళ్ళు గుడ్డిదని మర్చిపోవద్దు, పక్కన ఒకడు కాపలా ఉండాల్సిందే.

ట్యాంకులు, హెలికాప్టర్లు, జెట్‌లు ఇప్పుడప్పుడే వద్దు. జనం నిండిన సర్వర్‌లో హెలికాప్టర్ ఎక్కి ఎనిమిది మందిని కొండకి కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. ఎడిటర్‌లో ఒంటరిగా ఎంఎచ్-9 హమ్మింగ్‌బర్డ్ తీసుకుని ఒకే మైదానంలో దిగడం, ఎక్కడం చేతికి పట్టుబడ్డాకే పైలట్ స్లాట్ వైపు చూడండి.

తొమ్మిదో మెట్టు: మోడ్‌లు, మనుషులు

మోడ్‌లన్నీ స్టీమ్ వర్క్‌షాప్‌లో ఉంటాయి, సబ్‌స్క్రైబ్ చేస్తే లాంచర్‌లో వచ్చేస్తాయి. మొదటి నెలలో సీబీఏ, ఏస్ 3, ఇవి రెండు చాలు. సీబీఏ మిగతా మోడ్‌లకి పునాది. ఏస్ వైద్యం, తూటాల లెక్క, మ్యాప్ పనిముట్లు అన్నీ ఇంకా కఠినంగా మారుస్తుంది, రక్తం ఏ అవయవం నుంచి కారుతుందో చూసి కట్టు కట్టాలి. కావాలనుకుంటే తూటా మీద గాలి ప్రభావం కూడా అందులో పెట్టుకోవచ్చు. వంద మోడ్‌లు దించుకుని అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే గేమ్ తెరుచుకోదు, ఏది తగువు పెడుతోందో వెతకడానికే ఆదివారం సరిపోతుంది. సర్వర్ అడిగినవే ఆన్ చేయండి, ఒక్కటి ఎక్కువైనా కొన్ని సర్వర్లు లోపలికి రానివ్వవు.

డీఎల్‌సీలు తొందరపడి కొనకండి. తనోవా దీవి ఉన్న ఎపెక్స్ ఒక్కటి బాగా పనికొస్తుంది, చాలా గ్రూపులు ఆ అడవి మ్యాప్ ఆడతాయి. మాల్డెన్ ఉచితం.

సర్వర్లలో ఏది మొదలుపెట్టాలంటే, కింగ్ ఆఫ్ ద హిల్ అన్నది పబ్‌జీ చేతులకి దగ్గరగా ఉంటుంది, అలవాట్లు చెడిపోయేదీ అక్కడే. కోఆప్, అంటే మనుషులంతా ఒకే పక్షంగా ఆడేది, మేలు. ఆంటిస్టాసి అనే సినారియోలో మీరు తిరుగుబాటుదారులు, దొంగిలించిన తుపాకులతో మొదలుపెట్టి దీవి మొత్తం చేజిక్కించుకోవాలి, స్నేహితులతో వారాలపాటు సేవ్ చేసుకుంటూ ఆడొచ్చు. కోఆప్‌లో శత్రువు ఏఐ కాబట్టి పింగ్ కాస్త ఎక్కువున్నా ప్రాణం మీదకి రాదు, అందుకని సింగపూర్, యూరప్ సర్వర్లకీ ధైర్యంగా వెళ్ళొచ్చు.

గంభీరంగా ఆడే గ్రూపుల్లో చేరాలనుకుంటే టైమ్ చూసుకోండి. లండన్‌లో సాయంత్రం ఏడు అంటే మనకి వేసవిలో రాత్రి పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళు వేసవిలో శనివారం రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్న ఆరున్నర, ఇది మనకి బాగానే కుదురుతుంది, కాఫీ తాగి కూర్చోవచ్చు. చేరిన మొదటి రోజు లీడర్ స్లాట్, పైలట్ స్లాట్, స్నైపర్ స్లాట్ అడగొద్దు, మామూలు రైఫిల్‌మన్ తీసుకోండి. బ్రీఫింగ్ సాగుతుంటే మైక్ ఆపి వినండి. క్యాప్స్ లాక్ నొక్కి మాట్లాడే ముందు కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఏ ఛానెల్‌లో ఉన్నారో చూసుకోండి, సైడ్ ఛానెల్‌లో ఉండి ఇంట్లోవాళ్ళతో టిఫిన్ గురించి మాట్లాడితే దీవి మీదున్న మీ పక్షమంతా వింటుంది. బేస్‌లో ఉన్నంతసేపూ ఎడమ కంట్రోల్ రెండుసార్లు కొట్టి తుపాకీ దించి ఉంచండి, అక్కడ పొరపాటున ఒక్క తూటా పేలినా చాలా గ్రూపులు ఆ రోజుకి మిమ్మల్ని బయట కూర్చోబెడతాయి.